కంప్యూటర్ ఆన్ అవుతోంది, విండోస్ మాత్రం రావట్లేదా? ఈ వరుసలో చూడండి

పవర్ బటన్ నొక్కితే లైట్ వెలుగుతుంది, ఫ్యాన్ తిరుగుతుంది, కంపెనీ లోగో కూడా వస్తుంది. అక్కడితో సరి. నల్లటి స్క్రీనో, నీలి స్క్రీనో, ఎంతసేపు చూసినా ఆగని చుక్కల చక్రమో తప్ప డెస్క్‌టాప్ రాదు. లోపలున్న ఫొటోలు, ఆఫీసు ఫైళ్లు, రేపు ఇవ్వాల్సిన ప్రాజెక్టు గుర్తొచ్చి టెన్షన్ మొదలవుతుంది. ఆ టెన్షన్‌లో చాలామంది నెట్‌లో ముందు కనిపించిన పద్ధతి ప్రయోగిస్తారు, అది కుదరకపోతే ఇంకోటి, ఏదీ కుదరకపోతే ఫార్మాట్ కొట్టేస్తారు. అసలు నష్టం చాలాసార్లు అప్పుడే జరుగుతుంది.

విండోస్ పోతే మళ్లీ ఎక్కించుకోవచ్చు. మీ ఫైళ్లకు ఇంకో కాపీ లేకపోతే వాటిని తెచ్చిచ్చేవాళ్లు ఎవరూ ఉండకపోవచ్చు. కాబట్టి ముందు బూట్, అంటే విండోస్ మొదలయ్యే ప్రక్రియ, ఎక్కడ ఆగిందో కనుక్కుందాం, తర్వాత ఫైళ్లు బయటికి తీద్దాం, ఆ తర్వాతే రిపేరు మొదలుపెడదాం. విండోస్ 10 అయినా 11 అయినా పద్ధతి ఇదే.

ఎక్కడ ఆగింది?

కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు పనులు ఒకదాని తర్వాత ఒకటి జరుగుతాయి. పవర్ రాగానే మదర్‌బోర్డులోని బయాస్ లేచి ర్యామ్, ప్రాసెసర్, డిస్‌ప్లే సరిగా ఉన్నాయో లేదో చూసుకుంటుంది. ఇప్పటి మెషీన్లలో దీన్ని యూఈఎఫ్ఐ అంటారు గానీ అందరి నోట్లో ఉన్న మాట బయాసే, ఇక్కడా అదే వాడతాను. తర్వాత అది ఏ డ్రైవ్ నుంచి మొదలుపెట్టాలో వెతుకుతుంది. ఆ డ్రైవ్‌లో, మనకు మామూలుగా కనిపించని ఒక చిన్న భాగంలో విండోస్ బూట్ మేనేజర్ ఉంటుంది. విండోస్ ఎక్కడుందో చూసి లోడ్ చేసేది అదే. ఆ పైన హార్డ్‌వేర్‌ని నడిపించే డ్రైవర్లు, వెనక పనిచేసే సర్వీసులు లేస్తాయి, చివరికి లాగిన్ స్క్రీన్ వస్తుంది.

మీది వీటిలో ఏ మెట్టు దగ్గర ఆగిందో తెలిస్తే, మిగతా మెట్ల గురించి జనం ఇచ్చే సలహాలన్నీ పక్కన పెట్టేయొచ్చు. అందుకే ఒక్కసారి ఆపి, మళ్లీ ఆన్ చేసి, స్క్రీన్‌ని జాగ్రత్తగా గమనించండి.

స్క్రీన్ మీద లోగో కూడా రాకపోతే విండోస్ దాకా వ్యవహారం వెళ్లనేలేదు. అది హార్డ్‌వేర్ సమస్య. లోగో వచ్చాక "నో బూటబుల్ డివైస్", "ఆపరేటింగ్ సిస్టమ్ నాట్ ఫౌండ్" లాంటి మాటలు వస్తే బయాస్‌కి డ్రైవ్ దొరకట్లేదు, లేదా దొరికినా అందులో బూట్ మేనేజర్ కనిపించట్లేదు. నీలి స్క్రీన్ మీద "రికవరీ" అని, కింద సున్నా ఎక్స్ సి తో మొదలై, మధ్యలో సున్నాల వరుస ఉన్న ఎర్రర్ నంబరు వస్తే బూట్ మేనేజర్ దొరికింది గానీ దాని జాబితా చెడిపోయింది, లేదా అది వెతికే చోట విండోస్ లేదు.

లోగో విషయంలో ఒక గుర్తు చాలామందికి తెలియదు. కంపెనీ లోగోని చూపించేది బయాస్. దాని కింద గుండ్రంగా తిరిగే చుక్కలు మాత్రం విండోస్‌వి. లోగో వచ్చి చుక్కలు రాకుండా ఆగిపోతే గొడవ బయాస్ దగ్గరో డ్రైవ్ దగ్గరో ఉంది. చుక్కలు తిరుగుతూ ఆగిపోతే డ్రైవ్ దొరికింది, విండోస్ లోడ్ అవడం కూడా మొదలైంది, ఆ తర్వాత ఏ డ్రైవర్ దగ్గరో, అప్‌డేట్ దగ్గరో, పాడైన ఫైల్ దగ్గరో చిక్కుకుంది. ఈ రెండింటికీ చేయాల్సిన పనులు పూర్తిగా వేరు.

ఏ ఎర్రర్ వచ్చినా ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి. స్టాప్ కోడ్ అని ఉన్న లైన్ స్పష్టంగా పడాలి. విండోస్ 11 కొత్త వెర్షన్లలో 2025 నుంచి ఈ ఎర్రర్ స్క్రీన్ నీలం బదులు నలుపులో వస్తోంది, రంగు చూసి కంగారు పడకండి. ఒకవేళ ఎర్రర్‌తో పాటు "ఈ నంబరుకు ఫోన్ చేయండి" అని కనిపిస్తే అది నూటికి నూరుపాళ్లు మోసం. మైక్రోసాఫ్ట్ ఎర్రర్ మెసేజ్‌లలో ఫోన్ నంబర్లు ఉండవు.

చేతికి మట్టి అంటని పనులు ముందు

కీబోర్డు, మౌస్, మానిటర్ తప్ప మిగతావన్నీ పీకేయండి. పెన్‌డ్రైవ్, బయటి హార్డ్ డిస్క్, ప్రింటర్, మెమరీ కార్డు, డాక్, అన్నీ. మర్చిపోయి వదిలేసిన పెన్‌డ్రైవ్‌ని చూసి దాన్నుంచే బూట్ అవడానికి ప్రయత్నించి ఆగిపోయే కంప్యూటర్లు ఎన్నో. ల్యాప్‌టాప్ అయితే కీబోర్డు, మౌస్ కూడా అక్కర్లేదు.

తర్వాత మిగిలిన కరెంటు పోనివ్వండి. ల్యాప్‌టాప్ ఆపి, చార్జర్ తీసేసి, బ్యాటరీ ఊడొచ్చే రకమైతే అదీ తీసేసి, పవర్ బటన్ అర నిమిషం నొక్కి పట్టుకోండి. డెస్క్‌టాప్ అయితే గోడ దగ్గరి ప్లగ్గు తీసి అదే పని చేయండి. మళ్లీ పెట్టి ఆన్ చేయండి. దీనివల్ల ఫైళ్లకు ఏమీ కాదు. ఎందుకు పనిచేస్తుందంటే, ఏదో ఒక చిప్ తిక్క స్థితిలో ఉండిపోతే కరెంటు పూర్తిగా పోతే తప్ప అది మొదటికి రాదు.

చుక్కల చక్రం పైన "అప్‌డేట్స్" అనో, శాతం అంకెలో కనిపిస్తుంటే మాత్రం చేయి వేయకండి. పాత తిరిగే హార్డ్ డిస్క్ ఉన్న మెషీన్‌లో పెద్ద అప్‌డేట్ గంట దాటడం మామూలే. డిస్క్ లైటు మినుకుమంటున్నంతసేపూ లోపల పని జరుగుతోందని లెక్క. రెండు మూడు గంటలైనా శాతం కదలక, లైటు కూడా ఆగిపోతే అప్పుడు ఆపొచ్చు.

లాగిన్ అయ్యాక నల్లటి స్క్రీన్, దాని మీద మౌస్ బాణం మాత్రమే ఉంటే మీ విండోస్ నిజానికి బూట్ అయింది. విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బి నాలుగూ కలిపి నొక్కండి, డిస్‌ప్లే డ్రైవర్ మళ్లీ మొదలవుతుంది. కుదరకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ నొక్కి టాస్క్ మేనేజర్ తెరిచి, అందులో కొత్త టాస్క్ దగ్గర ఎక్స్‌ప్లోరర్ అని ఇంగ్లిష్‌లో టైప్ చేసి ఎంటర్ కొట్టండి. డెస్క్‌టాప్ వచ్చేస్తే ముందు ఫైళ్లు కాపీ చేసుకోండి, మిగతా సంగతి తర్వాత.

లోగో కూడా రాకపోతే

ముందు మానిటర్ కేబుల్ చూడండి. డెస్క్‌టాప్‌లో విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉంటే కేబుల్ దానికే ఉండాలి, మదర్‌బోర్డు వైపు ఉన్న పోర్టుకి కాదు. ల్యాప్‌టాప్‌కి బయటి మానిటర్ తగిలించి చూడండి. అందులో బొమ్మ వస్తే పోయింది స్క్రీనే, మీ విండోస్ క్షేమంగా ఉంది.

ఫ్యాన్ తిరుగుతూ స్క్రీన్ ఖాళీగా ఉంటే ఎక్కువగా అనుమానించాల్సింది ర్యామ్. ప్లగ్గు తీసి, పెయింట్ లేని ఏదైనా లోహాన్ని ఒకసారి ముట్టుకుని, ర్యామ్ స్టిక్‌లు తీసి మళ్లీ టక్ మని శబ్దం వచ్చేదాకా నొక్కి పెట్టండి. రెండుంటే ఒక్కోటి విడివిడిగా పెట్టి చూడండి. కొత్తగా డీడీఆర్5 ర్యామ్ వేసి ఉంటే మొదటిసారి స్క్రీన్ రావడానికి కొన్ని నిమిషాలు పట్టొచ్చు, బోర్డు ఆ ర్యామ్ వేగాన్ని సరిచూసుకుంటుంది. పాడైందనుకుని మధ్యలో ఆపేయకండి. బీప్ శబ్దాలు వస్తున్నా, క్యాప్స్ లాక్ లైటు ఒక లెక్క ప్రకారం వెలిగి ఆరుతున్నా ఎన్నిసార్లో లెక్కపెట్టి, మీ మోడల్ మాన్యువల్‌లో ఆ లెక్కకు అర్థం చూడండి. అవి కంపెనీకో రకంగా ఉంటాయి.

ఇవేవీ కుదరకపోతే మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లడమే. ఇచ్చే ముందు "డేటా చెరపొద్దు" అని నోటితో చెప్పడం చాలదు, రసీదు మీద రాయించుకోండి. స్క్రూలు విప్పడం తెలిస్తే డ్రైవ్ తీసి ఇంట్లో పెట్టుకుని మిగతా మెషీన్ ఇవ్వడం ఇంకా మంచిది.

డ్రైవ్ కనబడుతోందా?

"బూటబుల్ డివైస్ లేదు" అన్న మాట చూడగానే హార్డ్ డిస్క్ పోయిందని అనుకోకండి. బయాస్‌లోకి వెళ్లి చూడాలి. ఆన్ చేసిన వెంటనే కీ టకటకా నొక్కుతూ ఉండాలి. డెల్, ఏసర్‌లకు ఎఫ్2, హెచ్‌పీకి ఎఫ్10, లెనోవోకి ఎఫ్1 లేదా ఎఫ్2, ఆసుస్‌కి ఎఫ్2 లేదా డిలీట్, విడిభాగాలతో కట్టించుకున్న డెస్క్‌టాప్‌లకు చాలావరకు డిలీట్.

లోపల స్టోరేజ్ అనో, మెయిన్ పేజీలోనో డ్రైవ్ పేరు ఉంటుంది. అది కనిపిస్తే సగం భయం వదిలేయొచ్చు. ఇక చూడాల్సింది బూట్ వరుస. అందులో "విండోస్ బూట్ మేనేజర్" అన్నది అన్నిటికన్నా పైన ఉండాలి. లేకపోతే పైకి జరిపి, సేవ్ చేసి బయటికి రండి.

అక్కడే ఇంకో పని చేయండి: తేదీ, టైము చూడండి. ఎన్నో ఏళ్ల వెనకటి తేదీ ఉంటే మదర్‌బోర్డు మీది నాణెం లాంటి బ్యాటరీ అయిపోయింది. చాలా బోర్డుల్లో దాని నంబరు సీఆర్2032, 3 వోల్టులది. అది చచ్చిపోతే కొన్ని మెషీన్లలో బయాస్ సెట్టింగులన్నీ ఫ్యాక్టరీ స్థితికి పోతాయి. పోతే పోనీ అనుకోవడానికి లేదు. విండోస్ ఎక్కించినప్పుడు యూఈఎఫ్ఐ మోడ్ ఉండి, ఇప్పుడు పాత బయాస్ పద్ధతి అయిన లెగసీకి మారితే డ్రైవ్ ఎదురుగా ఉన్నా బూట్ కాదు. స్టోరేజ్ మోడ్ కూడా అంతే. ఏహెచ్‌సీఐ, రెయిడ్, వీఎండీ అని ఉండే ఆ సెట్టింగ్ మారిపోతే విండోస్ మొదలై, "ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్" అన్న స్టాప్ కోడ్‌తో పడిపోతుంది. డ్రైవ్ బాగుంటుంది, విండోస్ బాగుంటుంది, దాన్ని చదివే డ్రైవర్ మాత్రం వేరేది. ఈ కోడ్ చూసి విండోస్ ఫార్మాట్ చేయించుకున్నవాళ్లను తలచుకుంటే బాధేస్తుంది, ఎందుకంటే ఒక్క సెట్టింగ్ వెనక్కి మారిస్తే చాలిపోయేది. బ్యాటరీ మార్చండి, పాత మోడ్ ఏదో గుర్తులేకపోతే ఒకటి మార్చి బూట్ చేసి చూడండి, కుదరకపోతే మళ్లీ అదే స్థితికి తెచ్చి రెండోది మార్చండి. ఒకేసారి రెండు మార్చారంటే ఏది ఏం చేసిందో తెలియదు. బయాస్‌లో ఏది మార్చే ముందైనా ఉన్న పేజీని ఫొటో తీసుకోవడం మర్చిపోకండి.

డ్రైవ్ పేరే కనిపించకపోతే డెస్క్‌టాప్‌లో కేబుళ్లు రెండు వైపులా తీసి పెట్టండి, వీలైతే ఇంకో కేబుల్‌తో చూడండి. ఎస్‌ఎస్‌డీ అయితే స్లాట్‌లోంచి తీసి మళ్లీ బిగించండి. పాత రకం హార్డ్ డిస్క్ లోంచి టిక్కు టిక్కుమని లయగా చప్పుడు వస్తుంటే వెంటనే ఆపేయండి. ఇంకోసారి ఆన్ చేసి చూద్దామన్న ఆశ వద్దు. లోపల చదివే హెడ్ దెబ్బతిన్నప్పుడు వచ్చే చప్పుడది, ఆన్ చేసిన ప్రతిసారీ డిస్క్ ఉపరితలం ఇంకొంచెం గీసుకుపోతుంది. అందులో విలువైనవి ఉంటే నేరుగా డేటా రికవరీ చేసేవాళ్లకే ఇవ్వాలి.

రికవరీ స్క్రీన్‌లోకి వెళ్లడం

చుక్కలు తిరిగే దాకా వచ్చి ఆగే మెషీన్లకు విండోస్ తనతోనే ఒక చిన్న రిపేరు వ్యవస్థని తెచ్చుకుంటుంది. బూట్ వరుసగా రెండుసార్లు విఫలమైతే తర్వాతి సారి అది తనంతట తానే లేస్తుంది. లేవకపోతే మనమే లేపాలి: ఆన్ చేయండి, చుక్కలు కనిపించగానే పవర్ బటన్ పది సెకన్లు నొక్కి ఆపేయండి. ఇలా రెండుసార్లు చేసి, మూడోసారి వదిలేయండి. "ఆటోమేటిక్ రిపేర్" అన్న మాట కనిపిస్తుంది. అప్పటికీ రాకపోతే డ్రైవ్‌లోని ఆ వ్యవస్థే చెడిపోయి ఉండొచ్చు, అప్పుడు విండోస్ ఇన్‌స్టాల్ పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి అందులోని రిపేర్ ఆప్షన్ ద్వారా ఇదే మెనూకి చేరొచ్చు. అప్‌డేట్ నడుస్తుంటే మాత్రం ఇలా బలవంతంగా ఆపకూడదని పైన చెప్పిందే.

ఇక్కడ బిట్‌లాకర్, అంటే డ్రైవ్‌లోని డేటాకి విండోస్ వేసే తాళం, అడ్డురావచ్చు. 48 అంకెల రికవరీ కీ అడిగే నీలి స్క్రీన్ చూసి "నేనెప్పుడూ ఇలాంటిది పెట్టలేదే" అని చాలామంది బిత్తరపోతారు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయిన చాలా ల్యాప్‌టాప్‌లలో ఇది తనంతట తానే ఆన్ అవుతుంది, కీ కూడా ఆ అకౌంట్‌లోనే దాచి ఉంటుంది. ఫోన్‌లో బ్రౌజర్ తెరిచి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి వెళ్లి డివైసెస్ కింద చూడండి. స్క్రీన్ మీద కీ ఐడీ అని ఉంటుంది, దాని మొదటి 8 అక్షరాలు అకౌంట్‌లో ఉన్నదానితో సరిపోయిన కీనే వాడాలి. ఆఫీసుదో కాలేజీదో అయితే కీ వాళ్ల ఐటీ విభాగం దగ్గర ఉంటుంది. ఎక్కడా దొరక్కపోతే మైక్రోసాఫ్ట్ కూడా తెరిచి ఇవ్వలేదు, కాబట్టి పాత ఈమెయిల్ అకౌంట్లన్నీ ఓపిగ్గా వెతకండి.

ఫైళ్లు బయటికి తీయండి

ఇక్కడ తొందరపడొద్దు. ఇందాక పీకిన బయటి డ్రైవ్‌ని ఇప్పుడు మళ్లీ తగిలించండి. రికవరీ మెనూలో ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, కమాండ్ ప్రాంప్ట్ అని వెళ్లండి. అడ్మిన్ పాస్‌వర్డ్ అడగొచ్చు. నల్లటి కిటికీ వస్తుంది. అందులో నోట్‌ప్యాడ్ అని ఇంగ్లిష్‌లో టైప్ చేసి ఎంటర్ నొక్కండి. మామూలు నోట్‌ప్యాడే తెరుచుకుంటుంది. ఇప్పుడు ఫైల్ మెనూలో ఓపెన్ నొక్కండి. వచ్చిన చిన్న కిటికీ మనకి ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లా పనికొస్తుంది. కింద "టెక్స్ట్ డాక్యుమెంట్స్" అని ఉన్నచోట "ఆల్ ఫైల్స్" ఎంచుకోవాలి, లేకపోతే మీ ఫొటోలు అసలు కనబడవు, పోయాయేమో అని గుండె ఆగినంత పనవుతుంది.

ఎడమవైపు దిస్ పీసీ నొక్కితే డ్రైవ్‌లు వస్తాయి. ఇక్కడ అక్షరాలు మారిపోయి ఉండొచ్చు, మామూలుగా సి అనుకునేది డి కావచ్చు. యూజర్స్ అన్న ఫోల్డర్ ఎందులో ఉందో చూసుకోండి, తర్వాత రిపేరుకీ ఆ అక్షరం కావాలి. యూజర్స్ లోపల మీ పేరు, అందులో డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్, డౌన్‌లోడ్స్. కావాల్సిన ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి కాపీ, తర్వాత బయటి డ్రైవ్‌లోకి వెళ్లి పేస్ట్. కాపీ ఎంత అయిందో చూపించే బార్ రాకపోవచ్చు, కిటికీ బిగుసుకుపోయినట్టు ఉండొచ్చు. మూసేయకండి. బయటి డ్రైవ్ లైటు మెరుస్తున్నంతసేపూ పని జరుగుతోంది. ఒకేసారి అంతా ఎత్తకుండా ఫోల్డర్ తర్వాత ఫోల్డర్ తీసుకోండి, అన్నిటికన్నా ముఖ్యమైనది మొదట.

రికవరీ మెనూ కూడా రాకపోతే ఇంకో కంప్యూటర్‌లో ఉబుంటు లాంటి లినక్స్‌ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, దాన్నుంచి బూట్ చేయండి. "ట్రై" అన్నది ఎంచుకోవాలి, "ఇన్‌స్టాల్" కాదు. విండోస్ డ్రైవ్ అందులో మామూలు ఫోల్డర్‌లా తెరుచుకుంటుంది. విండోస్ త్వరగా లేవడానికి పూర్తిగా ఆగకుండా ఉండే ఫాస్ట్ స్టార్టప్ వల్ల లినక్స్ ఆ డ్రైవ్‌ని చదవడానికి మాత్రమే తెరిచానని అనొచ్చు, మనకి కాపీయే కావాలి కాబట్టి అది సరిపోతుంది. డ్రైవ్ తీసి ఇంకో కంప్యూటర్‌కి యూఎస్‌బీ కేసుతో తగిలించడం కూడా మంచి దారే. అయితే వెడల్పాటి సాటా డ్రైవ్‌కి, చూయింగ్ గమ్ ముక్కలా సన్నగా ఉండే ఎన్‌వీఎంఈ డ్రైవ్‌కి కేసులు వేరు, చూసి తీసుకోండి. బిట్‌లాకర్ ఉంటే ఈ దారుల్లోనూ కీ కావాలి.

ఇప్పుడు రిపేరు

ఫైళ్లు చేతికొచ్చాయి, ఇక ధైర్యంగా మొదలుపెట్టొచ్చు. తక్కువ మార్పు చేసేదాన్నుంచి ఎక్కువ మార్పు చేసేదానికి వెళ్దాం.

1. స్టార్టప్ రిపేర్. అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో ఉంటుంది. రిపేర్ చేయలేకపోయానని చెప్పడం దీనికి అలవాటే. ఒకటి రెండుసార్లు చూసి వదిలేయండి.

2. అప్‌డేట్ తర్వాతే మొదలైందా? "అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్" నొక్కి ముందు నెలనెలా వచ్చే చిన్న క్వాలిటీ అప్‌డేట్ తీయండి. పెద్ద వెర్షన్ మారిన తర్వాత వచ్చిన సమస్య అయితే ఫీచర్ అప్‌డేట్ తీయాలి, అది మామూలుగా 10 రోజుల లోపలే కుదురుతుంది.

3. సిస్టమ్ రిస్టోర్. రిస్టోర్ పాయింట్, అంటే విండోస్ ముందే దాచుకున్న తన సెట్టింగుల కాపీ, ఉంటే సమస్యకు ముందు తేదీ ఎంచుకోండి. మీ డాక్యుమెంట్లను ఇది ముట్టుకోదు, ఆ తేదీ తర్వాత వేసిన ప్రోగ్రాములు, డ్రైవర్లు మాత్రం పోతాయి.

4. సేఫ్ మోడ్. స్టార్టప్ సెట్టింగ్స్, రీస్టార్ట్ నొక్కాక వచ్చే జాబితాలో 4 నొక్కితే సేఫ్ మోడ్, 5 నొక్కితే ఇంటర్నెట్‌తో సేఫ్ మోడ్.

సేఫ్ మోడ్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. ఇందులో విండోస్ తనకు తప్పనిసరైన డ్రైవర్లతో మాత్రమే లేస్తుంది. ఇది లేచి మామూలు మోడ్ లేవకపోతే తప్పు చాలావరకు విండోస్‌ది కాదు, మీరో ఏదో ప్రోగ్రామో కొత్తగా తెచ్చిపెట్టినదానిది. 2024 జూలై 19న ప్రపంచమంతా జరిగింది ఇదే. క్రౌడ్‌స్ట్రైక్ సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ పంపిన తప్పుడు అప్‌డేట్ వల్ల దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు పడిపోయాయని మైక్రోసాఫ్ట్ లెక్క వేసింది. విమానాలు, ఆసుపత్రులు, బ్యాంకులు ఆగిపోయాయి. చాలా మెషీన్లకు మందు మాత్రం సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఒక ఫైల్ డిలీట్ చేయడమే. అక్కడా చాలాచోట్ల బిట్‌లాకర్ కీలు వెతకడంలో ఆలస్యమైంది. మీరు కూడా సేఫ్ మోడ్‌లోకి వెళ్లగలిగితే ఈమధ్య వేసిన యాంటీవైరస్, గ్రాఫిక్స్ డ్రైవర్, విచిత్రమైన "స్పీడప్" టూల్స్ తీసేసి రీస్టార్ట్ చేయండి. పిన్ పనిచేయకపోతే అకౌంట్ పాస్‌వర్డ్‌తో లాగిన్ అవ్వండి.

సేఫ్ మోడ్ కూడా రాకపోతే కమాండ్ ప్రాంప్ట్. రెండే కమాండ్లు చెప్తాను. మొదటిది డిస్క్ చెక్: సి హెచ్ కె డి ఎస్ కె అని కలిపి రాసి, స్పేస్, ఇందాక చూసుకున్న డ్రైవ్ అక్షరం, కోలన్, స్పేస్, స్లాష్, ఎఫ్. డిస్క్ హార్డ్‌వేర్‌గానే చచ్చిపోతోందన్న అనుమానం ఉంటే, ఫైళ్లు కూడా ఇంకా తీయకపోతే దీన్ని అస్సలు నడపకండి. దెబ్బతిన్న డిస్క్ మీద ఇది చేసే హడావిడి వల్ల మిగిలినవీ పోవచ్చు.

రెండోది బూట్ ఫైళ్లను మళ్లీ రాసేది, ఎర్రర్‌లో బీసీడీ (బూట్ మేనేజర్ వాడే జాబితా) అన్న మాట వచ్చినప్పుడు పనికొచ్చేది: బి సి డి బి ఓ ఓ టి అని కలిపి రాసి, స్పేస్, డ్రైవ్ అక్షరం, కోలన్, బ్యాక్‌స్లాష్, విండోస్. "బూట్ ఫైల్స్ సక్సెస్‌ఫుల్లీ క్రియేటెడ్" అని వస్తే రీస్టార్ట్ చేయండి. నెట్‌లో ఎక్కడ చూసినా బూట్‌రెక్, ఫిక్స్ ఎంబీఆర్ అనే కమాండ్లే చెప్తారు. ఎంబీఆర్ అన్నది 1983లో డాస్ 2.0తో వచ్చిన డిస్క్ ఏర్పాటు. యూఈఎఫ్ఐ మోడ్‌లో ఎక్కించిన విండోస్ దాని నుంచి బూట్ అవ్వదు కాబట్టి అది నడిపినా ఫలితం ఉండదు. ఫిక్స్ బూట్ నడిపితే "యాక్సెస్ ఈజ్ డినైడ్" అని రావడం కూడా చాలామందికి ఎదురయ్యేదే, దాని వెంట పడకండి.

ఏదీ కుదరకపోతే

ట్రబుల్‌షూట్‌లో "రీసెట్ దిస్ పీసీ" ఉంది. "కీప్ మై ఫైల్స్" అంటే మీ ఫైళ్లు ఉంచి ప్రోగ్రాములు తీసేస్తుంది. ఆ మాట నమ్మి కాపీ తీసుకోకుండా మాత్రం నొక్కొద్దు.

నా మట్టుకు కొత్తగా ఎక్కించడమే శుభ్రమైన పని. 8 జీబీ లేదా అంతకన్నా పెద్ద పెన్‌డ్రైవ్ తీసుకుని, ఇంకో కంప్యూటర్‌లో మైక్రోసాఫ్ట్ సైట్ నుంచే మీడియా క్రియేషన్ టూల్ దించుకుని తయారు చేసుకోండి. పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు కీ అడిగితే "ప్రొడక్ట్ కీ లేదు" నొక్కి, ముందున్న ఎడిషనే, హోమ్ అయితే హోమ్, ప్రో అయితే ప్రో, ఎంచుకోండి. డిజిటల్ లైసెన్స్ ఉంటే నెట్ తగలగానే యాక్టివేట్ అయిపోతుంది. ఇంటెల్ 11వ తరం, ఆ పై ల్యాప్‌టాప్‌లలో ఇన్‌స్టాలర్‌కి డ్రైవ్ కనబడకపోతే డ్రైవ్ పోయిందనుకోవద్దు. ల్యాప్‌టాప్ కంపెనీ సైట్ నుంచి ఇంటెల్ స్టోరేజ్ డ్రైవర్ దించి, పెన్‌డ్రైవ్‌లో విప్పి పెట్టుకుని, "లోడ్ డ్రైవర్" దగ్గర చూపించండి. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది, కాబట్టి మెషీన్‌కి అర్హత ఉంటే ఈ పనిలో పనిగా 11కి వెళ్లిపోండి.

ఇన్‌స్టాల్ మధ్యలో ఆగిపోతున్నా, కొత్త విండోస్ కూడా వారంలోపే పడిపోతున్నా ఇక డ్రైవ్‌నో ర్యామ్‌నో మార్చాల్సిందే. అదే డ్రైవ్ మీద మళ్లీ మళ్లీ ఎక్కించి ప్రయోజనం లేదు.

డెస్క్‌టాప్ వచ్చాక ఫైళ్లు తిరిగి పెట్టుకునే ముందు బయటి డ్రైవ్‌లోని కాపీని నాలుగైదు చోట్ల తెరిచి చూడండి, ఫొటోలు, ఎక్సెల్ ఫైళ్లు నిజంగా తెరుచుకుంటున్నాయో లేదో. ఆ కాపీని చెరపకండి, అదే మీ మొదటి బ్యాకప్. సిస్టమ్ ప్రొటెక్షన్‌లో సి డ్రైవ్‌కి రిస్టోర్ పాయింట్లు ఆన్ చేయండి, చాలా మెషీన్లలో అది ఆఫ్‌లో ఉంటుంది. బిట్‌లాకర్ కొత్త కీని కాగితం మీద ప్రింట్ తీసి మిగతా ముఖ్యమైన పత్రాలతో పాటు ఉంచండి. విండోస్ ఎక్కించిన పెన్‌డ్రైవ్‌ని మళ్లీ వేరే పనికి వాడకుండా, దాని మీద పేరు, తేదీ రాసి పక్కన పెట్టండి.